రాకాసి బల్లులు చచ్చిపోని ఇల్లు

టీవీలో రాకాసి బల్లి పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఏళ్ళ తరబడి చూశాను, పూట పూటా చూశాను. అవి నడుస్తాయి, పరిగెత్తుతాయి, అరుస్తాయి, ఒకదాన్నొకటి పీక్కుతింటాయి. దాహమేసి నీళ్ళకు వంగితే ఆ నీళ్ళలోంచే ఇంకోటి నోరు తెరుచుకుని లేస్తుంది. అంతంత ఒళ్ళు మోసుకుని తిరిగేవి, ఒక్కటైనా నీడపట్టున కూలబడి కళ్ళు మూసుకున్నట్టు చూపించరు. నేను చిన్నప్పుడు మేకల వెంట తిరిగినదాన్ని. జంతువు పొద్దస్తమానం చేసే పనిలో సగం, ఊరికే పడుకుని దవడలాడించడమే. అది చూపిస్తే జనం టీవీ ముందు నుంచి లేచిపోతారని భయం కాబోలు. నాకు మాత్రం వాటిని చూస్తుంటే జాలి కంటే ముందు నీరసం వచ్చేది.

అప్పుడు నేను ఖతర్‌లో, అల్ రయ్యాన్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. మా రాయచోటి వైపు ఆడవాళ్ళు ఏ అరబ్బు దేశం పోయినా కువైట్ పోయిందనే అంటారు. కాదమ్మా, ఇది వేరే దేశం అని చెప్పి చెప్పి నేనూ మానేశాను. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు రాబోతోందని ఆ దేశమంతా తవ్విపోసిన రోజులవి. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. కిటికీలన్నీ బిగించినా ఏసీ సందుల్లోంచి సన్నటి దుమ్ము దిగి, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో ముగ్గు వేయొచ్చు అన్నట్టు ఉండేది. వీధి చివర యంత్రం ధన్ ధన్ మని నేలను కొడుతుంటే అలమరలో గిన్నెలు గలగలమనేవి.

ఇంటావిడను మేడం అనేవాళ్ళం. ఆమె తల్లి మక్కా పోయొచ్చిన మనిషి, ఇల్లంతా హజ్జా అని పిలిచేది. హజ్జాకు అన్నం పెట్టడం నా డ్యూటీ. వినడానికి ఇంతే. ఆమెకు చూపు దాదాపు పోయింది. వెలుతురు, నీడ, అటూ ఇటూ కదిలే పెద్ద ఆకారం, అంతవరకే తెలిసేది. చక్కెర జబ్బు మనిషి, వేళకు తిని మందు వేసుకోకపోతే కళ్ళు తేలేసేది. కానీ చెంచా పెదవికి తగిలిందో లేదో పళ్ళు బిగించేది. హరీస్ అని గోధుమలూ మాంసమూ కలిపి గుజ్జుగా ఉడికిస్తారు, పళ్ళు లేని పసిబిడ్డ కూడా మింగుతుంది. అదీ వద్దు. చేప వద్దు, రొట్టె వద్దు. బతిమాలాను, పాడాను, అలిగాను. నా కంటే ముందు పనిచేసిన ఆమె ఏడ్చి వెళ్ళిపోయిందట.

ఒకరోజు నేను రిమోట్ నొక్కుతుంటే ఏదో ఛానెల్లో పెద్ద గర్జన వినబడింది. హజ్జా ఉలిక్కిపడి "ఏమిటది?" అంటూ నోరు తెరిచింది. తెరిచిన నోట్లో చెంచా పెట్టేశాను. ఆమె నమిలింది. అంతే, ఆ పూటతో నా బతుకు రాకాసి బల్లుల పాలైంది.

టీవీలో చెప్పే ఆయనది పుస్తకాల అరబ్బీ. హజ్జాకు బడి లేదు, నాకూ లేదు. మా ఇద్దరిదీ వంటింటి అరబ్బీ. కాబట్టి ఆయన మాట ఆయన్ను చెప్పుకోనిచ్చి, కంటికి కనబడింది నేను చెప్పేదాన్ని.

"ఇప్పుడేం చేస్తోంది?"

"పొడుగు మెడది ఆకులు తింటోంది హజ్జా. దాని కోడలు వెనకాల వస్తోంది."

"కోడలా?"

"కోడలే. మొహం అంత ముడుచుకుని నడుస్తోందంటే కోడలు కాక ఇంకెవరు?"

ఆమె నవ్వింది. నవ్వినప్పుడు ఒక చెంచా.

ఆ కార్యక్రమాలు ఎన్ని తీసినా ఒకటే తీరు. పొద్దు పొడుస్తుంది. ఎడారి. టోపీలు పెట్టుకున్న మనుషులు ఎండలో బోర్లా పడుకుని కుంచెలతో ఎముక మీది ఇసుక దులుపుతుంటారు. ఒకాయన ఆ ఎముక పట్టుకుని మన వైపు తిరిగి చేతులూపుతాడు. చూస్తుండగానే దాని మీద మాంసం మొలుస్తుంది, తోలు కప్పుకుంటుంది, లేచి నడిచిపోతుంది. తర్వాత గుడ్డు పగిలి పిల్ల వస్తుంది. పిల్ల తప్పిపోతుంది. కోరపళ్ళది వస్తుంది, ముందు చేతులు చూస్తే మూరెడు కూడా ఉండవు, అరుపు మాత్రం ఊరు దాటుతుంది. వేటకు పోయేది ఎక్కడైనా అరుస్తుందా? పిల్లి ఎలుకను పట్టేటప్పుడు చప్పుడు చేస్తుందా? ఇది మాత్రం ముందు అరిచి, అందరూ పారిపోయాక వెంటపడుతుంది. దాన్ని నేను తాగొచ్చిన మరిదిని చేశాను. మూడు కొమ్ములది మేనత్త. వీపు మీద పలకలు నిలబెట్టుకున్నది చీటికీ మాటికీ పుట్టింటికి పోతానని బెదిరించే పెద్ద తోడికోడలు. రెక్కలవి చాడీలు మోసేవి. సముద్రంలో తెడ్ల లాంటి కాళ్ళతో ఈదేది దూరపు చుట్టం, పెళ్ళికి పిలవకపోతే అలుగుతుంది.

పాత వాటిలో ఒళ్ళు బోడిగా మట్టి రంగులో ఉండేది. కొత్తగా తీసినవి వస్తే అదే బల్లికి ఒళ్ళంతా ఈకలు. వేరే జాతేమో అనుకుని, మా వైపు నుంచి వచ్చిన ఇంటి డ్రైవర్‌ను అడిగాను. అతను మోటారు తుడుస్తూ తలెత్తకుండానే "పోయినేడు చలికి తట్టుకోలేక స్వెట్టర్లు కుట్టించుకున్యాయి లేక్కా" అన్నాడు. హజ్జాకు అదే చెప్పాను. నమ్మిందో లేదో, ఆ పూట గిన్నె ఖాళీ చేసింది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆ కార్యక్రమంలో ఏదో ఒకటి చావకుండా ఉండదు. తల్లి చస్తుంది, లేకపోతే పిల్ల. చివర్లో ఆకాశంలోంచి నిప్పు ముద్ద పడి అన్నీ చస్తాయి. మా ఇంట్లో అన్నం ముందు చావు మాట ఎత్తరు. ఊళ్ళో ఎవరైనా పోతే, ఆ కబురు తెచ్చినవాడు గడప అవతలే నిలబడి, తినేవాళ్ళు చెయ్యి కడుక్కున్నాక లోపలికి వచ్చి చెబుతాడు. మా నాన్న పోయిన కబురు మా అమ్మకు అట్లాగే చెప్పారు. ఆమె నింపాదిగా మజ్జిగన్నం తిని లేచేదాకా మా చిన్నాయన వాకిట్లో ఎండలో నిలబడ్డాడు. అట్లాంటి ఇంట్లో పెరిగినదాన్ని, తింటున్న ముసలామెకు పీనుగ సంగతి ఎట్లా చెబుతాను?

అందుకని చంపలేదు. పడిపోయినదాన్ని పడుకుంది అన్నాను. మెడ కొరికితే ముద్దు పెట్టుకుంది అన్నాను. నిప్పు ముద్ద పడితే "మెరుపు మెరిసింది హజ్జా, వానొచ్చేట్టుంది, అందరూ ఇళ్ళకు పోతున్నారు" అన్నాను. అబద్ధమూ పనే, ఇల్లు తుడవడం లాంటిదే. ఇవాళ పడిపోయినదాన్ని రేపటికి లేపాలి, అది ఎందుకు కుంటుతోందో చెప్పాలి, ఎవరితో అలిగి ఎవరింట్లో ఉందో గుర్తుపెట్టుకోవాలి. కిటికీ బయట రోడ్డు తవ్వే మనుషులు ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపి, అట్టపెట్టెలు విప్పి పరుచుకుని గోడ నీడన వరసగా పడుకునేవాళ్ళు. సరిగ్గా అదే వేళకు నేను లోపల గిన్నె పట్టుకుని బల్లుల్ని బతికిస్తుండేదాన్ని. వాళ్ళను చూస్తే అసూయ పుట్టేది.

ఇట్లా జరుగుతుండగా నా కూతురికి నెల తప్పింది.

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. అత్తింటివాళ్ళు మంచివాళ్ళే, కానీ తొలిచూలు తమ ఇంట్లో అయితే పుట్టింటికి దిక్కు లేదని ఊరు అనుకుంటుందని వాళ్ళకూ బాధ. నా భర్త లేడు. ఇంటికి తాళం వేసి వచ్చాను. నేను పోతేనే అది పుట్టిల్లు. లేకపోతే నాలుగు గోడలు. కూతురు ఫోన్లో మొహం పెట్టి అడిగేది.

"అమ్మా, వస్తాండావా, లేదా? సరిగ్గా చెప్పు. మా అత్త రోజూ అడుగుతాంది."

"వస్తాలే పాపా."

"లే, లే అనొద్దు. పోయినసారీ అట్లనే అన్యావు."

మేడంకు చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆమె భయం ఆమెది. కప్పు వేళకు విదేశాల నుంచి చుట్టాలు వస్తారు, ఇంటి నిండా మనుషులు. అప్పుడు తల్లి తిండి మానేస్తే ఎట్లా? "మా అమ్మ ఇంకొకరి చేత తింటే నువ్వు వెంటనే వెళ్ళు, టికెట్ నేనే కొంటాను. తినకపోతే కప్పు అయ్యాక చూద్దాం" అంది. కప్పు అయ్యేసరికి నా కూతురి బిడ్డ బోర్లా పడుతుంది.

ముందు మేడమే కూర్చుంది. చదువుకున్న మనిషి కదా, టీవీలో చెప్పింది చెప్పినట్టు విడమరిచి చెప్పింది. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట అని మొదలుపెట్టగానే హజ్జా నోట్లో ముద్దతోనే నిద్రపోయింది. తర్వాత మేడం చెల్లెలి ఇంట్లో వంటచేసే ఆమెను పిలిపించారు. గోదావరి పక్క మనిషి, నా ఈడుదే. నన్ను వదినా అంది, నేనూ వదినా అన్నాను. వంటింట్లో కూర్చోబెట్టి ఆమెకు సంసారమంతా నేర్పాను.

"ఇది అత్త, ఇది కోడలు, ఆ కోరపళ్ళది మరిది. ఏదైనా పడిపోతే పడుకుంది అనల్ల. గుర్తు పెట్టుకోమే."

"పడుకోడం ఏంటొదినా? పేగులు బయటికొచ్చేసి ఉంటే!"

"వచ్చినా సరే, పడుకున్నట్టే."

"నా వల్ల కాదండీ బాబూ. నేను ప్రార్థనకెళ్ళే మనిషిని. ఉన్నది చెప్పమంటే చెప్తాను. లేనిది కల్పించమంటే నోరు పెగలదు నాకు."

"నీ నోరు పెగలకపోతే నా కూతురికి కాన్పు ఎవురు చేస్తారు? నీ ప్రార్థన చేస్తాదా?"

ఆమె నొచ్చుకోలేదు. వెల్లుల్లి ఒలుచుకుంటూ "చేస్తాది, చూస్తా ఉండు. అయినా ఏంటొదినా, బల్లులకి కూడా తోడికోడళ్ళ తగువులు పెట్టేవు? మనకున్నయ్యి చాలవా?" అంది.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ వేరే మనిషి లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె చేతికి గిన్నె ఇచ్చి నేను తలుపు పక్కన నిలబడ్డాను. మేడం సోఫాలో ఫోన్ చూస్తున్నట్టు కూర్చుంది కానీ చూపు తల్లి మీదే. వీధిలో యంత్రం ఆగింది. టీవీలో సూర్యుడు పొడిచాడు, కుంచెలాళ్ళు ఇసుక దులిపారు, గుడ్డు పగిలింది. గోదావరి ఆమె గొంతు సవరించుకుని, తనకొచ్చిన అరబ్బీలో "గుడ్డు. పిల్ల" అంది. అంతకు మించి చెప్పలేదు. హజ్జా రెండు చెంచాలు అయిష్టంగా తీసుకుంది. మూడోదానికి పెదవులు బిగించింది.

అప్పుడు మరిది వచ్చాడు. మూడు కొమ్ముల మేనత్త ఎదురు తిరిగింది. అరుపులు, దుమ్ము. గోదావరి ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని టీవీలోకి వంగింది. "కొరికేసింది హజ్జా! గట్టిగా పట్టుకుంది. రక్తం. చాలా రక్తం."

నేను కళ్ళు మూసుకున్నాను. కాన్పు లేదు, పుట్టిల్లు లేదు, కప్పు అయ్యేదాకా ఇక్కడే అనుకున్నాను. చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు హజ్జా గొంతు వినబడింది.

"ఎక్కడ పట్టుకుంది? మెడ మీదా, గొంతు మీదా?"

"గొంతు మీద."

"చచ్చిందా?"

"చచ్చింది హజ్జా. ఖలాస్."

"అల్‌హందులిల్లా!" అంది హజ్జా. "ఇన్నేళ్ళకు ఒకటి చచ్చింది."

అని నోరు తెరిచింది.

మేడం ఫోన్ ఒళ్ళో పడేసుకుని పకపకా నవ్వింది. గోదావరి ఆమె చెంచా మీద చెంచా పెడుతోంది. హజ్జా నములుతూనే అడుగుతోంది: పిల్ల సంగతేమిటి, అది కూడా పోయిందా, పీనుగను ఎవరు తిన్నారు, ఎముకలు మిగిల్చారా? నేను తలుపు పక్కనే ఉన్నాను. టికెట్ దొరికినట్టే. అయినా నా మొహం చిన్నబోయింది. అక్కడే గడప మీద కూర్చున్నాను.

సాయంత్రం హజ్జా కాళ్ళకు నూనె రాస్తూ అడిగాను. నాకు రోషం వచ్చిందని గొంతులోనే తెలిసిపోయి ఉంటుంది.

"అవి చస్తాయని నీకు తెలుసా హజ్జా?"

"చూపు పోయింది కానీ చెవులు పోలేదుగా. చచ్చే ముందు వాయిద్యం మారుతుంది, సన్నగా ఏడుస్తున్నట్టు వాయిస్తారు. అప్పుడే నీ గొంతు వణికేది. మస్కీన్, పాపం పిల్ల భయపడుతోంది అనుకుని ఊరుకున్నాను."

"నేను భయపడలేదు. మా దేశంలో అన్నం ముందు చావు మాట అనరు. అందుకని చెప్పలేదు."

అప్పుడు హజ్జా తన చిన్నతనం సంగతి చెప్పింది. ఆమె తండ్రి ముత్యాల కోసం సముద్రంలో మునిగే మనిషి. ఎండాకాలమంతా పడవల మీదే. పడవలు తిరిగొచ్చిన నాడు ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చునేవాళ్ళు. ఎవరు మునిగి లేవలేదో, ఎవరిని సొరచేప పట్టిందో, ఎవరి చెవులు పగిలాయో, ఆ పళ్ళెం దగ్గరే తండ్రి చెప్పేవాడు.

"అన్నం దగ్గర కాకపోతే ఇంకెక్కడ చెబుతారు?" అంది. "అందరూ కలిసి కూర్చునేది అక్కడే కదా. చెప్పకుండా తింటే ఆ ముద్ద దిగుతుందా?"

ఆమె ముద్ద దిగక పళ్ళు బిగించిన రోజులన్నీ గుర్తొచ్చాయి. నేను ఆమె కోసం బతికించాను, ఆమె నా కోసం వింది. ఇద్దరం ఒకరినొకరు మోసుకుంటూ అన్నేళ్ళు నడిచామన్నమాట, దించుకుని పోతే సరిపోయేదానికి. నూనె గిన్నె మూత పెట్టి లేచాను.

మేడం మాట తప్పలేదు. టికెట్ వచ్చింది, పాస్‌పోర్టు చేతిలో పెట్టింది, బిడ్డకు బట్టలు కొని ఇచ్చింది. బయల్దేరే రోజు పొద్దున హజ్జా దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"మళ్ళీ వస్తావా?"

"వస్తా హజ్జా."

"రా. కాళ్ళకు నూనె నువ్వే రాయాలి. బల్లులు మాత్రం దానికే వదిలెయ్. నీ చేతిలో ఒక్కటీ చావదు."

పక్కన గిన్నె పట్టుకుని నిలబడ్డ గోదావరి ఆమె ముసిముసిగా నవ్వింది. "ఎల్లిరా వదినా. మనవడో మనవరాలో ఫోన్ చెయ్యి. ఇక్కడ నేను రోజుకోదాన్ని చంపుతా ఉంటాలే" అంది. ఆమెను కౌగిలించుకుంటే ఒళ్ళంతా వెల్లుల్లి వాసన.

విమానాశ్రయం దారి ఆ రోజు కూడా మూసేశారు. డ్రైవర్ ఒక సందులో దూరాడు, అక్కడ తవ్వకం. ఇంకో సందులో దూరాడు, అక్కడ ఎర్ర జాకెట్టు వేసుకున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "మాఫీ రోడ్" అన్నాడు, రోడ్డు లేదని. కొత్త స్టేడియం చుట్టూ రెండుసార్లు తిరిగాం. ప్రతిసారీ అదే క్రేన్.

"కప్పు వీళ్ళకొస్తాదో లేదో గానీ మనకు తల తిరుగుడు మాత్రం వచ్చిందక్కా" అన్నాడు డ్రైవర్. "భయపడాకు. విమానం నిన్ను వదిలి పోతే నేనే దీన్ని రాయచోటి దాకా తోల్తా."

నవ్వడానికి కూడా ఓపిక లేక అద్దానికి తల ఆనించాను. ఎట్లాగో అందుకున్నాను.

ఇంటికి చేరి తాళం తీశాను. బూజు దులిపాను, నీళ్ళు చల్లాను, పొయ్యి వెలిగించాను. ఆ సాయంత్రమే వియ్యపురాలు కూతుర్ని తీసుకొచ్చి గడప దాటించి, "ఇంక నీ బిడ్డ, నీ ఇల్లు" అని కాఫీ తాగి వెళ్ళిపోయింది. తలుపు వేసి కొంచెం సేపు నడుం వాల్చాను.

అంతే, లేవలేకపోయాను. జ్వరం లేదు, నొప్పి లేదు. నిద్ర. కూతురు లేపితే లేచేదాన్ని, పెట్టింది తినేదాన్ని, మళ్ళీ ఒరిగిపోయేదాన్ని. నిండు చూలాలు కంచం పట్టుకుని నా మంచం పక్కన నిలబడేది.

"అమ్మా, నా కోసం వచ్చినావా, నిద్రపోను వచ్చినావా? అందరమ్మలూ కాన్పు చేస్తారు, నేను నీకు బాలింత పత్యం చేస్తాండా."

"కొంచెంసేపు పాపా."

"కొంచెంసేపని నిన్నట్నించి చెప్తాండావు."

అంటూనే దుప్పటి కప్పేది. ఆ పిల్ల అడుగుల చప్పుడు, గిన్నెల చప్పుడు వినబడుతుంటే ఇంకా బాగా నిద్ర పట్టేది. సిగ్గుపడాల్సిన మాట, అయినా నిజం.

అట్లా ఒక మధ్యాహ్నం భుజం మీద చెయ్యి పడింది. ఈసారి కంచం లేదు.

"మా, లెయ్యి. నొప్పులు మొదులైనట్టుండాయి."

లేచి కూర్చున్నాను. కళ్ళ ముందు ఇంకా మబ్బుగానే ఉంది. "ఆటో పిలిచినావా?" అన్నాను.

"నువ్వు లేస్తే కదా పిలిచేది!" అంది, గోడ పట్టుకుని పళ్ళు బిగించి.

కొంగు దోపుకుని, పాత చీరల మూట చంకన పెట్టుకుని, వీధిలోకి పరిగెత్తి ఆటోకు అడ్డం నిలబడ్డాను. ఆసుపత్రి దాకా దాని నడుం రుద్దుతూనే ఉన్నాను. లోపలికి తీసుకుపోయేటప్పుడు నా చెయ్యి వదలలేదు. నర్సు విడిపించబోతే "మా అమ్మ ఉండల్ల" అంది. ఉండనిచ్చారు.

పొద్దు గూకకముందే ఆడపిల్ల పుట్టింది. నర్సు బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టి, నా మొహంలోకి చూసింది.

"కూచ్చోమ్మా, తూల్తాండావు" అని బెంచీ చూపించింది.

బిడ్డతోపాటే కూర్చున్నాను.